లచ్చుబాయి మొక్కు

మొక్కింది లచ్చుబాయి. గుండు మాత్రం అరుణ్‌ను కొట్టించుకోమంటున్నరు. గిదెక్కడి న్యాయమని అరుణ్ పది రోజుల సంది మొత్తుకుంటుండు, వినేటోడు లేడు.

లచ్చుబాయి ఎవరో ఏమో అనుకునేరు. ఆమె పుట్టలే, పెరగలే. కరీంనగర్‌ల ఆమెకు ఇల్లు లేదు, ఆధార్ కార్డు లేదు. ఆమె ఉన్నదంత ఒక్క కాయితం మీదనే. ఆరడుగుల మనిషి, కాసె పోసి కట్టిన చీర, భుజం మీద గొడ్డలి, బలం పద్దెనిమిది, తెలివి ఏడు. గా కాయితం అరుణ్ చేతుల పడి రెండేండ్లాయె.

జర మొదటికెల్లి చెప్త. అరుణ్ దోస్తు మక్బూల్ టైలర్. షేర్వానీలు కుట్టుట్ల కరీంనగర్‌ల పేరున్నోడు. వాని చెల్లె కైనాత్ డిగ్రీ కాలేజీల కంప్యూటర్ పాఠాలు చెప్తది. హైదరాబాద్ హాస్టల్‌ల ఉండి సదువుకునేటప్పుడు ఒక ఆట నేర్చుకొని వచ్చింది. పేకాట కాదు, పచ్చీసు కాదు. గెలిచేటోడు ఉండడు, ఓడేటోడు ఉండడు. కైనాత్ కథ నడుపుతది, మిగిలినోళ్లు తలా ఒక మనిషి కాయితం పట్టుకొని ఆ మనిషి లెక్కనే మాట్లాడుతరు. "నేను తలుపు తన్నుతున్న" అంటే కైనాత్ "పాచిక వెయ్యి" అంటది. ఇరవై మొకాల పాచిక. పెద్ద అంకె పడితే తలుపు ఇరుగుతది, చిన్నది పడితే కాలు ఇరుగుతది. గంతే ఆట. ఆదివారం ఆదివారం మక్బూల్ బట్టలు కత్తిరించే బల్ల సుట్టు కూసుంటరు. గుహలు, వాగులు కైనాత్ టైలర్ సుద్దతోని బల్ల మీదనే గీస్తది, దూరం టేపుతోని కొలుస్తది, మనుషుల జాగల గుండీలు పెడ్తది.

మొదటి రోజు అరుణ్ ఆలస్యంగ పోయిండు. మంచి మంచి కాయితాలు అయిపోయినయ్, మిగిలింది లచ్చుబాయి. "ఆడామె నాకెందుకు" అని మూతి ముడిచిండు గని, నెల తిరగకముందే ఆమె మీద పానం పెట్టుకున్నడు.

రెండేండ్లల వాళ్లు చేసిన ఆగం అంతింత కాదు. మూడో ఆటగాడు కొండల్, బస్ డిపోల మెకానిక్. వానిది మాంతయ్య అనే మంత్రగాని కాయితం. దినమంత ఇంజన్లతోని కొట్లాడి వచ్చి, ఈడ ఏది కనపడినా అగ్గి పెడ్తడు. పులి వచ్చినా అగ్గే, దోమ వచ్చినా అగ్గే. ఒకపారి సొంత గడ్డానికే అంటుకున్నది, లచ్చుబాయి కల్లు కుండ కుమ్మరిచ్చి ఆర్పింది. మక్బూల్‌ది చున్ను మియా అనే దొంగ. ఎసొంటి తాళమైనా తీస్తడు గని, బల్లి కనపడితే ఉరుకుతడు. ఇగ లచ్చుబాయి ఏం చేసిందో ఇనుండ్రి. కోట వాకిట్ల పది చేతుల రాక్షసుడు కావలి ఉన్నడు. వానితోని యుద్ధం కోసం కైనాత్ మూడు వారాలు కూసోని తయారు చేసుకున్నది. లచ్చుబాయి గొడ్డలి కింద పెట్టి, "అన్నా, మీది ఏ ఊరు?" అని అడిగింది. పాచిక వేస్తే పందొమ్మిది పడ్డది. రాక్షసుడు ఊరు చెప్పిండు, ఇంటిపేరు చెప్పిండు, తీరా సూస్తే లచ్చుబాయికి మేనమామ వరుస అయిండు. అందరు కూసోని అంబలి తాగి, రాక్షసునికి పోయొస్తమని చెప్పి లోపలికి పోయిండ్రు. కైనాత్ తన కాయితాలు మలిచి సంచిల పెట్టుకొని, "యా అల్లా, వీళ్లతోని ఎట్ల వేగాలె" అని తల పట్టుకున్నది.

ఇగ అరుణ్ సంగతి. ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణం నడుపుతడు. ముప్పై నిండనీకి నాలుగు నెలలున్నది. మంచోడు, కష్టజీవి. బాధంత జుట్టుతోనే. నెత్తి ముందటికెల్లి ఎనుకకు ఎనుకకు జరుగుతున్నది. ఉల్లిగడ్డ రసం పూసిండు, మందారాకు రుద్దిండు, ఎవడో చెప్తే మేకపాలు సుత పట్టించిండు. ఉన్న నాలుగు పోగులను ఎడమకెల్లి కుడికి దువ్వుకొని, గాలొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకుంటడు. వాళ్ల అవ్వ యాదవ్వకేమో యాభై ఐదేండ్ల వయసుల నడుము దాక జుట్టు. శనివారం శనివారం తలంటుకొని వాకిట్ల ఆరబోసుకుంటే గల్లీ ఆడోళ్లంత ఆగి సూస్తరు. ఆమెకున్న గర్వమల్లా అదొక్కటే. కొడుక్కు ఆ జుట్టు రాలే, మస్కట్‌ల పని చేసే బాపు నెత్తి వచ్చింది.

రెండు సంబంధాలు జుట్టు కాడనే ఆగిపోయినయ్. రెండో పిల్ల తండ్రైతే మొకం మీదనే, "ఈయన పిలగాడా, పిలగాని మేనమామనా?" అని అడిగిండు. ఇప్పుడు బోథ్ అనే ఊర్ల మూడో సంబంధం. పిల్ల పేరు నవనీత, పశువుల దవాఖానల పని చేస్తది. ఫోన్‌ల రెండుసార్లు మాట్లాడిండ్రు. రెండోసారి ఆమె నవ్విన నవ్వు అరుణ్ చెవులకెల్లి ఇంక పోలే. గీ సంబంధం తప్పిపోతే తట్టుకునుడు కష్టమని వానికే ఎరుకైంది. అటు పంపిన ఫోటో మాత్రం ఐదేండ్ల కిందటిది.

పిల్లను సూడబోవుడు ఇంక రెండు వారాలున్నదనంగ, ఆట అరుణ్ ఇంట్ల పడ్డది. పెండ్లిళ్ల రోజులు గద, మక్బూల్ బల్ల మీద షేర్వానీ గుడ్డలు కుప్పలుగ ఉన్నయ్.

ఆనాటి కథల పాతాళ బావి వచ్చింది. చున్ను మియా ఊకుంటడా? వెండి గంటె ఒకటి మెరుస్తుంటే తీసి జేబుల ఏసుకున్నడు. కాళ్ల కింద నేల పగిలింది, బావిల పడ్డడు. కింద నోరు తెరుసుకొని పాము. లచ్చుబాయి చీర కొంగు ఇసిరితే కొస పట్టుకొని యాలాడుతుండు. కొంగు చినుగుతున్నది.

"అరుణ్ భాయ్, పద్దెనిమిది దాటాలె" అన్నది కైనాత్. "దాటకపోతే చున్ను మియా పోయినట్టే."

ఆమె ఆట్ల పోయినోడు పోయినట్టే. వాని గుండి డబ్బల పడ్తది, మల్ల బయటికి రాదు. చున్ను మియా గుండి అంగట్ల కొన్నది కాదు. మక్బూల్ వాళ్ల అబ్బా పాత షేర్వానీకి ఉండే ఇత్తడి గుండి. అబ్బా పోయి మూడేండ్లు. మక్బూల్ గుండి దిక్కే సూసుకుంట గమ్మున కూసున్నడు. గమ్మున కూసునుడు వాని జన్మల లేదు.

నిజం చెప్పాల్నంటే ఆ గడియల అరుణ్‌కు అది ఆటని యాదికే లేదు. దిగ్గున లేచి నిలబడ్డడు. పాచిక రెండు చేతుల నడుమ పెట్టి దండం పెట్టిండు. "కొండగట్టు అంజన్నా! గీ ఒక్కసారి వీన్ని బయట పడేస్తే నీ కొండకొచ్చి తలనీలాలిస్త తండ్రీ!" అని ఒర్లి ఇసిరిండు.

పాచిక బల్ల మీద దొర్లింది, చాయ్ గ్లాసుకు తాకింది, ఆగింది. ఇరవై!

కొండల్ కుర్చీ ఎక్కి ఎగిరిండు. మక్బూల్ అరుణ్‌ను గట్టిగ కావలిచ్చుకొని, "అరే యార్, అరే యార్" అంటుండు. ఆ లొల్లి సద్దుమణిగినంక సూస్తే, వాకిట్ల సర్వపిండి పళ్లెం పట్టుకొని యాదవ్వ నిలబడ్డది. పళ్లెం కింద పెట్టి, పడమటి దిక్కు తిరిగి దండం పెట్టుకున్నది.

"ఎప్పుడు పోదాం బిడ్డా?" అన్నది.

"ఎక్కడికే అవ్వా?"

"కొండగట్టుకు. మొక్కితివి గద."

"అవ్వా, అది ఆట!"

"నువ్వు పిలిచింది ఎవరిని? ఆట అంజన్ననా, అసలు అంజన్ననా?"

అరుణ్ మెల్లగ, "మొక్కింది నేను కాదవ్వా, లచ్చుబాయి" అన్నడు.

"నోరెవరిది?" అన్నది యాదవ్వ.

ఇగ ఆనాటి సంది ఇంట్ల అదే పంచాయితీ. పాలు ఇరిగినయ్, మొక్కు తీరక. దుకాణంల బ్యాటరీ పేలింది, మొక్కు తీరక. బోథ్ నుంచి రెండు రోజులు ఫోన్ రాలే, ఇంకేమున్నది, మొక్కు తీరకనే. "ఏరు దాటేదాక ఓడ మల్లన్న, ఏరు దాటినంక బోడి మల్లన్ననా?" అని యాదవ్వ కూర తరుక్కుంట గులుగుతది. "దేవునికిచ్చిన మాట ఎగ్గొట్టి పిల్లను సూడపోతే ఆ సంబంధం నిలుస్తదా బిడ్డా?"

"గుండుతోని పోతే అసలు సంబంధమే ఉండదు గదనే!" అని అరుణ్ నెత్తి పట్టుకుంటడు. నెత్తి పట్టుకుంటే ఉన్న జుట్టు రాలుతదని మల్ల ఇడుస్తడు. వాళ్లిద్దరి ఫికర్ ఒక్కటే, ఆ బోథ్ పిల్ల. మస్కట్ నుంచి బాపు వీడియో కాల్ చేసి, "కొట్టించుకో బిడ్డా, ఏమైతది" అన్నడు. తెర మీద బాపు నెత్తి తళతళ మెరుస్తుంటే అరుణ్‌కు ఇంక భయమైంది.

కైనాత్ పెద్దమనిషి లెక్క తీర్పు చెప్పింది. "ఆట్ల మొక్కిన మొక్కు ఆట్లనే తీరుస్తం. అవ్వ ముందటనే ఆడుదాం." నడుమ ఆదివారం మల్ల అరుణ్ ఇంట్లనే కూసున్నరు. బల్ల మీద సుద్దతోని కొండగట్టు గీసిండ్రు, మెట్లు గీసిండ్రు. లచ్చుబాయి భజన చేసుకుంట ఎక్కింది. కోతులొచ్చి మాంతయ్య మంత్రాల కట్టె గుంజుకపోయినయ్. కొండల్ అగ్గి పెడ్తనని లేస్తే యాదవ్వ, "కోతులకు అగ్గి పెడ్తవారా, నీ చేతులిరగ!" అని నిజంగనే కసిరింది. చివరికి లచ్చుబాయి తలనీలాలిచ్చింది. యాదవ్వకు కొంచెం నమ్మకం కుదిరినట్టే ఉండె. కైనాత్ ఆడ ఆపితే అయిపోతుండె.

"దేవుడు స్వీకరించిండా లేదా, ఒక్క పాచిక వేద్దాం" అన్నది.

వేసింది. దొర్లింది. ఒకటి పడ్డది.

రెండేండ్లల గింత గడ్డు గడియల ఒకటి ఎన్నడు పడలే. యాదవ్వ లేచి లోపలికి పోయింది. ఆనాడు ఆమె మల్ల ఒక్క మాట అనలే. అరుణ్‌కు ఆమె తిట్టినప్పటికన్న అప్పుడు ఎక్కువ పరేషాన్ అయింది.

మూడు రోజులకు కొండల్ డిపోకెల్లి ఫోన్ చేసిండు. "అరేయ్, లచ్చుబాయి ఆడామె గద! ఆడోళ్లు మొత్తం ఇయ్యాల్నని ఎక్కడున్నది? మూడు కత్తెర్లిచ్చి వస్తరు. కొసకు మూడుపార్లు కత్తిరిస్తరు, అయిపాయె!"

అరుణ్‌కు పోయిన పానం మల్లొచ్చింది. అవ్వ కాడికి ఉరికి చెప్పిండు. యాదవ్వ చాటల బియ్యం ఏరుడు ఆపింది. "ఆడామె మొక్కైతే మూడు కత్తెర్లు న్యాయమే" అన్నది. కరీంనగర్ నుంచి బోథ్ పోయే దారిలనే కొండగట్టు తగుల్తది. పొద్దుగల్ల మూడు కత్తెర్లిచ్చి, దర్శనం చేసుకొని, జగిత్యాల, నిర్మల్ మీదికెల్లి పగటాలకు బోథ్ చేరాల్నని ఒప్పందమైంది.

ఆదివారం పొద్దుగాల్నే మక్బూల్ కారు తెచ్చిండు. అరుణ్ కొత్త అంగి, ఇస్త్రీ ప్యాంటు, జుట్టు ఎడమకెల్లి కుడికి పొందికగ. కొండ మీద మంది బాగనే ఉన్నరు. "మీరు పోయి కాళ్లు కడుక్కోండ్రి, టికెట్లు నేను తెస్త" అన్నది యాదవ్వ. ఒక టికెట్ కొడుకు చేతుల పెట్టి, ఆడోళ్ల దిక్కు పోయింది.

తలనీలాలు తీసే కాడ అరుణ్‌కు దొరికిన మంగలి పేరు హనుమండ్లు. చెవుల మీద తెల్ల ఎంటికలు, చేతుల కత్తెర.

"మూడు కత్తెర్లా? మొక్కు ఎవలది?" అని అడిగిండు.

"లచ్చుబాయిది."

"ఆమె ఏది?"

"రాలే."

"రాకుంటే ఎట్ల?"

మక్బూల్ జేబులకెల్లి మలిచిన కాయితం తీసి, "గిదిగో చాచా, ఈమెనే" అని చేతుల పెట్టిండు. హనుమండ్లు కండ్లద్దాలు సవరించుకొని సదివిండు. బలం పద్దెనిమిది. తెలివి ఏడు. అరుణ్ దిక్కు పైకెల్లి కిందికి సూసిండు.

"తెలివి ఏడు ఈమెకేనా?" అన్నడు. "చంటిపిల్లల మొక్కులొచ్చినయ్, బర్రె ఈనిన మొక్కులొచ్చినయ్, బోరుల నీళ్లు పడ్డ మొక్కులొచ్చినయ్. కాయితం మొక్కు నా జన్మల గిదే మొదలు. కూసో బిడ్డా."

అరుణ్ కూసున్నడు. అవ్వ సూస్తుందా లేదా అని మెడ తిప్పిండు. అటు దిక్కు వరుసల యాదవ్వ కూసోని ఉన్నది. కొప్పు ఇప్పింది. నడుము దాకున్న జుట్టు ఈపు మీద పరుచుకున్నది, నెత్తి మీద నీళ్లు పోసిండ్రు, ఎవలో కత్తి నూరుతున్నరు. ఆమె చేతుల ఉన్నది మూడు కత్తెర్ల టికెట్ కాదు.

అరుణ్ లేచి ఉరికిండు. "అవ్వా! ఏం చేస్తున్నవే!"

"లొల్లి చెయ్యకు బిడ్డా." యాదవ్వ మెల్లగ అన్నది. "నీ మూడు కత్తెర్లు నువ్వియ్యి. మిగిలిన మొక్కు నేనిస్త. ఆ పాచికల ఒకటి పడ్డకాడికెల్లి నాకు బువ్వ పోతలేదు. మొక్కు తీరాలె, నీ నెత్తి మీద జుట్టు సుత ఉండాలె. నన్ను సూడటానికి ఎవరొస్తున్నరు?"

అరుణ్ ఇన్ని రోజుల సంది అవ్వ తన మీద పట్టు పడుతున్నదనుకున్నడు. ఆమెకున్న ఒక్క గర్వాన్ని తెచ్చి కొడుకు జుట్టు కింద అడ్డం పెడుతున్నదని వానికి తెల్వకపాయె. సిగ్గనిపించింది, ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, అన్ని ఒక్కపారే.

"లెవ్వు" అన్నడు.

"బిడ్డా, బోథోళ్లు సూస్తె..."

"సూడనీ. నోరెవరిది అని అడిగినవ్ గద. నోరు నాదే అవ్వా. ఆనాడు ఆటని యాదికి లేకనే మొక్కిన. లచ్చుబాయి కాదు, నేనే మొక్కిన." చెయ్యి పట్టి లేపిండు. టికెట్ గుంజుకొని పోయి హనుమండ్లు ముందట కూసున్నడు. "చాచా, మొత్తం తియ్యి."

హనుమండ్లు ఇంకో ప్రశ్న అడగలే. ఉల్లిగడ్డ రసం తాగిన జుట్టు, మేకపాలు తాగిన జుట్టు, నాలుగు గీతలకే పోయింది. ఎంతసేపనుకున్నరు? పల్లికాయ ఒలిచినంత సేపు సుత పట్టలే. మక్బూల్ పక్కన నిలబడి కండ్లు తుడుసుకుంటుండు.

"నీకేమైందిరా?" అన్నడు అరుణ్.

"ఏం లేదు యార్. ఉమ్రా యాత్రకు పోయినప్పుడు నేను సుత తీయించుకున్న గద. మూడు నెలలకు వచ్చింది."

"నీకొస్తది. నాకొస్తదా?"

దోస్తుల నడుమ అబద్ధమెందుకని మక్బూల్ గంధం తేవటానికి పోయిండు.

బోథ్ చేరేటాలకు మధ్యాహ్నం అయింది. నవనీత బాపు రాంచందర్‌కు పత్తి చేను, సోయా చేను. ఆ దిక్కు మాటల మరాఠీ కలుస్తది. "బసా, బసా, కూసోండ్రి" అనుకుంట ఎదురొచ్చిండు. అరుణ్ నెత్తి మీద గంధం చూడంగనే ఆ "బసా" సగంల ఆగిపోయింది. జేబులకెల్లి ఫోన్ తీసి ఫోటో సూసిండు, నెత్తి సూసిండు, మల్ల ఫోటో సూసిండు.

"కొండగట్టుల మొక్కుండె అన్నా" అన్నది యాదవ్వ. ఆమె కొప్పు ఇంక తడిగనే ఉన్నది, ఒళ్లంత చెమట.

"మంచిదే, మంచిదే" అన్నడు రాంచందర్. అటుకుల పోహ పళ్లాలొచ్చినయ్, చాయ్ వచ్చింది. నవనీత వచ్చి కూసున్నది, తల వంచుకున్నది. కొద్దిసేపటికి పెద్దోళ్లు, "మీరిద్దరు జర మాట్లాడుకోండ్రి" అని వాకిట్లకు పంపిండ్రు.

వాకిట్ల కట్టేసిన దూడ. దాని మెడ నిమురుకుంట నవనీత అడిగింది: "దేనికి మొక్కిండ్రు?"

మొక్కంటే మొక్కని తప్పించుకోవచ్చు. దుకాణం కోసమని చెప్పొచ్చు, అవ్వ ఆరోగ్యం కోసమని చెప్పొచ్చు. గుండు మీద బట్టతల ఎవరికి కనపడ్తది? గీ గుండు దేవుడిచ్చిన సాకని దారిల మక్బూల్ చెవుల ఊదిండు సుత. అరుణ్ ఆమె మొకం దిక్కు సూసిండు, అబద్ధం నోటికి రాలే.

అంత చెప్పిండు. కాయితం మీది లచ్చుబాయి, మేనమామైన రాక్షసుడు, పాతాళ బావి, చినిగే కొంగు, ఇరవై, ఒకటి, మూడు కత్తెర్లు, కొప్పు ఇప్పుకొని కూసున్న అవ్వ. చెప్పుకుంట చెప్పుకుంట చేతులు ఊపుతుండు, బావి ఎంత లోతో సూపిస్తుండు. చేన్ల మీదికెల్లి గాలొచ్చింది. చెయ్యి నెత్తి మీదికి పోలేదని వానికి తర్వాత యాదికొచ్చింది.

"ఇంకో మాట" అన్నడు ఆఖరికి. "మీకు పంపిన ఫోటో ఐదేండ్ల కిందటిది. గుండు కొట్టించకముందు సుత నా నెత్తి మీద పెద్దగ ఏం లేకుండె. మల్ల వస్తదో రాదో నాకే తెల్వది. ముందుగాల చెప్పకపోవుడు నా తప్పు."

నవనీత దూడ మెడ మీదికెల్లి చెయ్యి తీసింది. వాని నెత్తి దిక్కు సూడలే, కండ్లల్లకే సూసింది. అరుణ్ మూడోది సుత పోయిందనుకున్నడు.

"మరి చున్ను మియా బతికిండా?" అని అడిగింది ఆమె.

"బతికిండు."

"ఆ వెండి గంటె?"

"అది మాత్రం ఇడ్వలే. వాని జేబులనే ఉన్నది."

నవనీత నవ్వింది. ఫోన్‌ల ఇన్న నవ్వే అది.